రెండు కొండల మధ్య సూర్యుడు

ఏ బడిలోనైనా, ఏ తరగతిలోనైనా పిల్లల చేతికి తెల్లకాగితమిచ్చి "ప్రకృతి దృశ్యం గీయండర్రా!" అని చూడండి. ముందు రెండు కొండలు లేస్తాయి, సమోసాల్లాగా. వాటి సందులోంచి సూర్యుడు తొంగిచూస్తాడు, చుట్టూ దువ్వెన పళ్ళలాంటి కిరణాలు. కొండల్లోంచి ఒక నది బయల్దేరి తిన్నగా మన కాళ్ళ దగ్గరికి వచ్చేస్తుంది. ఒడ్డున ఒక గుడిసె, గుడిసె పక్కన కొబ్బరిచెట్టు, ఆకాశంలో నాలుగు టిక్కు గుర్తులు. అవి పక్షులన్నమాట! ఈ మొత్తానికీ మనం పెట్టుకున్న పేరు 'సీనరీ'.

కోనసీమ పిల్లవాడు గీసినా ఇదే బొమ్మ. వాడి ఊరి నుంచి ఎటు చూసినా చదునే, కొండన్నది కనుచూపు మేరలో ఉండదు. అనంతపురం పిల్ల గీసినా ఇదే బొమ్మ. వాళ్ళ ఏట్లో నీళ్ళు నాలుగు రోజులు పారితే ఊరంతా పండగ. ఆదిలాబాదు పిల్లవాడి ఇంటి వెనకాల టేకు అడవి ఉంటుంది. అయినా వాడూ కొబ్బరిచెట్టే వేస్తాడు. టేకు చెట్టు వేస్తే సీనరీ కాదేమోనని వాడి భయం. మేష్టారు ముగ్గురికీ పదికి తొమ్మిది మార్కులు వేసి, కింద 'గుడ్' అని రాసి పంపిస్తారు.

పిల్లల్ని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. ఆ బొమ్మ వాళ్ళకి నేర్పింది పెద్దవాళ్ళమే. నా ఫిర్యాదంతా ఆ సీనరీ గీస్తూ గీస్తూనే మీసాలు మొలిచి, జడలు పెరిగి, చిత్రకారులనీ కవులనీ డిజైనర్లనీ పేరు తెచ్చుకున్న వాళ్ళ మీద. ఏ చిత్రప్రదర్శనకి వెళ్ళినా, ఏ పుస్తకావిష్కరణకి వెళ్ళినా "ప్రకృతే నా గురువు" అన్న మాట చెవిన పడకుండా బయటికి రాలేం. గురువుగారు ఏం పాఠం చెప్పారో ఒక్కనాడైనా విన్నావా నాయనా, అని అడగాలనిపిస్తుంది. అసలు స్ఫూర్తి పొందడమంటే ఏమిటండీ? అప్పు తీసుకోవడం. అప్పు తీసుకున్నవాడు అప్పిచ్చినవాడి పేరైనా తెలుసుకోవద్దూ?

ముందు మా నవలారచయితల సంగతే చెబుతాను. లేకపోతే గురివిందగింజ సామెత నాకే తగిలిస్తారు. మన నవలల్లో కథానాయిక కిటికీ రెక్క తీస్తే చాలు, ఎదురుగా కొమ్మ మీద కోయిలమ్మ కూస్తుంది. కుహూ కుహూ అని గొంతెత్తి పాడేది మగకోయిల. కాటుకలా నిగనిగలాడే నలుపూ దానిదే. ఆడకోయిల గోధుమరంగు ఒంటి మీద తెల్ల చుక్కలతో, ఆకుల మాటున, కాకి గూటి మీద ఒక కన్నేసి కూర్చుంటుంది. పాడేది మొగవాడు, 'అమ్మ' అన్న బిరుదేమో ఆడదానికి! చాకిరీ ఆడవాళ్ళదీ పేరు మొగవాళ్ళదీ అయ్యే ఈ లోకంలో ఈ ఒక్క వ్యవహారమైనా తలకిందులైంది గదా అని నవ్వుకోవచ్చు గాని, అది నిజం కాదు గదా!

ఇంకో నవలలో కథానాయకుడు అర్ధరాత్రి నిద్ర పట్టక డాబా ఎక్కుతాడు. నడినెత్తిన నెలవంక! పొద్దుగూకిన కాసేపటికే నెలవంక పడమట దిగిపోతుందని పూర్వం పశువులు కాసుకునే కుర్రాడికి కూడా తెలుసు. ఇక కాలెండరు బొమ్మలేసే వాళ్ళయితే ఇంద్రధనుస్సు పక్కనే సూర్యుణ్ణి కూచోబెడతారు, పెళ్ళిపీటల మీద వధూవరుల్లాగా. సూర్యుడు మన వీపు వెనకాల ఉంటేనే ఇంద్రధనుస్సు కనపడుతుంది. ఇది తెలుసుకోవడానికి పుస్తకాలక్కర్లేదు, వాన వెలిసిన సాయంత్రం రెండు నిమిషాలు వాకిట్లో నిలబడితే చాలు.

ఇక్కడ నన్నాపి, "హంస పాలూ నీళ్ళూ వేరుచేస్తుందా? చకోరం వెన్నెల తాగి బతుకుతుందా? మరి వాటినేం చేస్తావు?" అని నిలదీసే పండితులుంటారు. వాటి జోలికి నేను పోను. అవి కవిసమయాలు. చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు, అది కల్పన అని. తెలిసి చేసిన కల్పన వేరు, తెలియక చేసిన పొరపాటు వేరు. నాటకంలో రాజు వేషం వేసినవాణ్ణి ఎవరూ మోసగాడనరు. రాజునని చెప్పి బజార్లో అప్పులు చేసేవాణ్ణే అంటారు.

రెండో వాదం ఇంకా గట్టిది. "శాస్త్రం తెలుసుకుంటే అందం చచ్చిపోదూ? పువ్వుని కోసి రేకులు లెక్కపెడితే ఇంకేం మిగుల్తుంది?" అంటారు. ఇది మనవాళ్ళు కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. ఇంగ్లీషు కవి కీట్స్ 1820లో అచ్చయిన 'లామియా' కావ్యంలో, శాస్త్రం ఇంద్రధనుస్సు అందాన్ని పాడుచేసిందని వాపోయాడు. బి.ఏ.లో కీట్స్‌ని చదువుకుని కళ్ళు తుడుచుకున్న తరం మాది. అయినా ఈ ఒక్క మాట మాత్రం నాకు మింగుడు పడదు. ఎందుకంటారా? వానచినుకులోకి దూరిన వెలుగు దాదాపు 42 డిగ్రీల కోణంలో మన వైపు తిరిగొస్తేనే ఆ రంగుల విల్లు కనిపిస్తుంది. మీ కంటికి వెలుగు పంపే చినుకులు వేరు, మీ పక్కన నిలబడ్డ మీ ఆయన కంటికి పంపే చినుకులు వేరు. అంటే, ఒకే గొడుగు కింద నిలబడ్డ ఆలుమగలు కూడా చూస్తున్నది ఒకే ఇంద్రధనుస్సు కాదు! ఇంత చక్కని సంగతి చేతిలో పెడితే, అందం చచ్చిపోయిందని ఏడ్చేవాడు కవి ఎలా అవుతాడు? నాకైతే ఇందులో ఒక నవలకి సరిపడా కథ కనిపిస్తుంది.

పోనీ, మన సొంత సొత్తే తీసుకుందాం. 'తామరాకు మీద నీటిబొట్టు' అని మన ముత్తవ్వల కాలం నుంచీ అంటున్నాం. అంటీముట్టనట్టు ఉండడానికి అంతకంటే మంచి పోలిక లేదు. 1997లో జర్మనీలో బార్త్‌లాట్, నైన్‌హూయిస్ అనే ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు ఆ ఆకు సంగతి మైక్రోస్కోపు కింద చూసి లోకానికి వివరించారు. తామరాకు నున్నగా ఉంటుందని గదా మనమనుకుంటాం? కాదట. ఆకు నిండా కంటికి ఆననంత చిన్న చిన్న బొడిపెలు. వాటి మీద మైనంలాంటి పూత. నీటిబొట్టు ఆ బొడిపెల కొసల మీద నిలబడుతుందే తప్ప ఆకుని పూర్తిగా తాకదు. దొర్లిపోతూ దొర్లిపోతూ ఆకు మీది దుమ్మునంతా తనతో తీసుకుపోతుంది. బురదగుంటలో పుట్టిన తామరాకు ఎప్పుడూ కడిగినట్టుండే రహస్యం ఇదీ.

ఇప్పుడు చెప్పండి, ఆ పాత పోలిక చచ్చిపోయిందా, ప్రాణం పోసుకుందా? అంటకుండా ఉండడమంటే మొహం తిప్పుకుని మూల కూర్చోవడం కాదు, వెళుతూ వెళుతూ ఇల్లు ఊడ్చి వెళ్ళడం అని ఆ నీటిబొట్టు చెబుతోంది. సంసారంలో పడి ఈదే ఆడదానికి ఇంతకంటే పనికొచ్చే వేదాంతం ఏముంది? మన కవులూ చిత్రకారులూ ఇంకా ఆ బొట్టుని ముత్యంలా ఉందని చెప్పి ఊరుకుంటున్నారంటే, అది శాస్త్రం తప్పు కాదు. వాళ్ళ బద్ధకం.

శాస్త్రమూ చిత్రకళా ఒకే ఇంట్లో కాపురం చెయ్యలేవనే వాళ్ళకి సామర్లకోట సంగతి చెప్పాలి. విలియం రాక్స్‌బరో అనే స్కాట్లండు వైద్యుడు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం మీద 1781లో సామర్లకోట చేరాడు. అక్కడ తోట వేశాడు. వానలూ ఎండలూ లెక్క రాసుకున్నాడు. 1789 తరవాత వరసగా వచ్చిన అనావృష్టి గురించి ఆయన రాసిపెట్టిన కాగితాల్ని వాతావరణ చరిత్రకారులు ఇప్పటికీ తిరగేస్తారు. ఇవన్నీ చేస్తూనే, మన దేశపు చిత్రకారుల్ని పెట్టుకుని చుట్టుపక్కల మొక్కలకి బొమ్మలు వేయించాడు. వాటిల్లోంచి ఏరిన 300 పటాలు కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంగా 1795 నుంచి 1820 దాకా లండన్‌లో మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. లాటిన్ పేర్లతో పాటు తెలుగు పేర్లు కూడా ఇచ్చాడాయన. మోదుగ అక్కడ మోదుగగానే ఉంది. కాని ఆ బొమ్మలు గీసిన చేతుల పేర్లు మాత్రం పటాల కింద లేవు.

ఆ తరవాతి తరంలో రాబర్ట్ వైట్ అనే ఇంకో వైద్యుడు మద్రాసు రాజధానిలో ఇదే పని చేశాడు. ఆయన దగ్గర రంగయ్య, గోవిందు అని ఇద్దరు చిత్రకారులుండేవారు. తెలుగు మాట్లాడే చిత్రకారుల కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళని వాళ్ళ చరిత్ర వెతికినవాళ్ళు చెబుతారు. 1838 నుంచి 1853 దాకా వెలువడిన వైట్ గారి ఆరు సంపుటాల్లో రెండు వేల పైచిలుకు పటాలున్నాయి. చాలావాటికి మూలం వీళ్ళిద్దరి కుంచే. వైట్ కొంత మర్యాదస్తుడు. పటాల కింద వాళ్ళ పేర్లు వేశాడు. ఒక ఆర్కిడ్ మొక్కల ప్రజాతికి 'గోవిందూయియా' అని గోవిందు పేరే పెట్టాడు. తరవాతి శాస్త్రజ్ఞులు దాన్ని ఇంకో ప్రజాతిలో కలిపెయ్యడంతో ఆ పేరు కాస్తా వాడుకలోంచి పోయింది. వాళ్ళ బొమ్మలు ఎన్నో ఇప్పటికీ ఎడింబరోలోని వృక్షశాస్త్ర ఉద్యానంలో భద్రంగా ఉన్నాయి. ఎక్కడో ఎడింబరోలో వాళ్ళకి తెలిసిన రంగయ్య, గోవిందుల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

వాళ్ళ పద్ధతి చూడండి. కొమ్మ మీద ఆకుంటే ఈనెలు లెక్క తప్పవు. మొగ్గ ఉంటుంది, పువ్వుంటుంది, కాయ ఉంటుంది. పక్కనే పువ్వుని విప్పి లోపలి భాగాలు, కాయని కోసి గింజలు వేరుగా చూపిస్తారు. "అది కళేమిటి, గుమాస్తా పని!" అని పెదవి విరిచేవాళ్ళు అటువంటి బొమ్మ ముందు ఒక పావుగంట కూర్చుని ఆ మాట అనాలి. తీగ ఎక్కడ బరువుకి వంగిందో, ఎక్కడ వెలుతురు కోసం సాగిందో ఆ గీతే చెబుతుంది. ఆ బొమ్మ చేత పట్టుకుని అడవికి వెళ్ళినవాడు ఆ మొక్కని గుర్తుపట్టగలడు. మన సీనరీ చేత పట్టుకుని ఎక్కడికి వెళ్ళగలం చెప్పండి?

ఆడవాళ్ళ పత్రికలో మొగవాళ్ళ గొడవేనా అంటారేమో, మేరియా సిబిల్లా మేరియన్ మాట కూడా చెబుతాను. 1647లో జర్మనీలో పుట్టింది. పదమూడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే పట్టుపురుగుల్ని పెంచి, రోజూ చూసి బొమ్మలు వేసింది. పురుగులు బురదలోంచి వాటంతటవే పుడతాయని పెద్ద పెద్దవాళ్ళే నమ్మే రోజులవి. భర్త నుంచి విడిపోయి, తన బొమ్మలు తాను అమ్ముకుని ఆ డబ్బుతో, 1699లో 52 ఏళ్ళ వయసులో, కూతుర్ని వెంటబెట్టుకుని ఓడెక్కి దక్షిణ అమెరికాలోని సూరినాం అడవులకి వెళ్ళింది! 52 ఏళ్ళొచ్చాయంటే మనం మోకాళ్ళు పట్టుకుని 'ఇంకేముందిలెండి' అంటాం. జబ్బు చేసి 1701లో తిరిగొచ్చింది గాని, 1705లో పుస్తకం వేసి మరీ ఊరుకుంది.

ఆమె బొమ్మలో సీతాకోకచిలుక ఒంటరిగా ఉండదు. ఒకే కాగితం మీద గొంగళిపురుగు, దాని గూడు, రెక్కలొచ్చిన చిలుక ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, ఆ పురుగు ఏ ఆకు తిని బతుకుతుందో ఆ మొక్క కూడా ఉంటుంది. జీవికీ దాని చోటుకీ ఉన్న సంబంధాన్ని చదివే శాస్త్రానికి అప్పటికింకా పేరు కూడా పుట్టలేదు. ఆ సంబంధాన్ని ఒక ఇల్లాలు కుంచెతో చెప్పేసింది.

ఇప్పుడు మన ఇళ్ళకి రండి. చీర అంచు నిండా సీతాకోకచిలుకలు, దిండు గలీబుల మీద సీతాకోకచిలుకలు, పిల్ల జడకి సీతాకోకచిలుక పిన్ను. పెరట్లో కరివేపాకు చెట్టు మీద పిట్టరెట్టలాంటి చిన్న పురుగొకటి కనిపిస్తే మాత్రం "ఛీ, పురుగు!" అని మందు కొట్టేస్తాం. అది కరివేపాకూ నిమ్మాకూ తిని బతికే సీతాకోకచిలుక పిల్ల. పిట్టలు తినకుండా పిట్టరెట్ట వేషం వేసుకుని కూర్చుంది పాపం! రెక్కలు కావాలి, గొంగళి వద్దు. ప్రకృతిని ప్రేమిస్తున్నామనే మన కళ యావత్తూ ఈ బాపతే. కోడలు తెచ్చే కట్నం కావాలి గాని కోడలు వద్దనే అత్తగారికీ మనకీ తేడా ఏమిటి?

ఇదంతా చాదస్తమనీ, బొమ్మలో కోయిల ఆడదైతేనేం మగదైతేనేం అనీ అనేవాళ్ళు ఈ కింది సంగతి చదివి మాట్లాడాలి.

కడప జిల్లాలో ముళ్ళపొదల అడవులున్నాయి. మనిషి నడుము ఎత్తు పొదలు, మధ్యమధ్య బోడి నేల, రాళ్ళు. ఏ చిత్రకారుడూ అక్కడ కుర్చీ వేసుకుని కూర్చోలేదు. ఏ సినిమావాళ్ళూ యుగళగీతం తియ్యలేదు. ఆ పొదల్లో రాత్రిపూట తిరిగే ఒక పిట్ట ఉంది, కలివికోడి. 1848లో శాస్త్రలోకానికి తెలిసింది. జెర్డన్ అనే ఆయన పేరు తగిలించారు. 1900 తరవాత ఎవరికీ కనపడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో మళ్ళీ కనిపించింది, ఆ ముళ్ళపొదల్లోనే. దాని కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలవ దారి మార్చాల్సి వచ్చింది. లోకమంతా కలిపి ఆ పిట్టకి మన ముళ్ళడవి తప్ప ఇంకో ఇల్లు ఉన్నట్టు తెలియదు.

మరి ఇన్నేళ్ళూ ఆ నేలని మనం ఏమన్నాం? బీడు అన్నాం. బంజరు అన్నాం. దేనికీ పనికిరాదన్నాం. ఎందుకన్నాం? కొండా నదీ కొబ్బరిచెట్టూ ఉంటేనే అందమని రెండో తరగతిలో నేర్చుకున్నాం గనక! మడ అడవి మన కంటికి బురద. ఊరి బయటి తుమ్మలతోపు మన కంటికి కంప. చిత్తడినేల దోమల గుంట. కళాకారుడి చూపు పడనిదాని మీద మామూలు మనిషికి మమకారం పుట్టదు. మమకారం లేనిచోట పొక్లెయిను దిగినా ఎవరూ అడ్డం వెళ్ళరు. నా మట్టుకు నేను అందరికంటే ముందు నిందించేది కాంట్రాక్టరుని కాదు. వాడికి ఆ నేల చూడదగిందేనని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్ళు సీనరీ గీస్తూ కూర్చున్నారు.

చదువుకున్న కళాకారులకంటే మన చేతిపనివాళ్ళు ఎంతో నయం. శ్రీకాళహస్తిలో కలంకారీ చేసేవాణ్ణి చూడండి. గుడ్డని కరక్కాయ కలిపిన పాలల్లో తడుపుతాడు. ఇనప ముక్కలూ బెల్లమూ కుండలో పులియబెట్టి ఆ నీళ్ళతో గీత గీస్తాడు. కరక్కాయలోని వగరు ఇనుమును పట్టుకుంటుంది, గీత నల్లబడుతుంది. ఎరుపు నిలవాలంటే పటిక కావాలి. ఉతకడానికి పారే నీరు కావాలి. ఇది రసాయనశాస్త్రం కాక మరేమిటి? ఏరు ఎండినా, నీరు మారినా ముందు ఆయనకే తెలుస్తుంది, ఎందుకంటే రంగు పలకదు. కొండపల్లి బొమ్మకి తెల్లపొణికి కర్రే కావాలి. ఆ చెట్లు తగ్గిపోతుంటే గుండెలు బాదుకునేది ఆ బొమ్మలవాళ్ళే. ఏటికొప్పాక లక్కపిడతలకి అంకుడు కర్ర, ఆకుల నుంచీ గింజల నుంచీ తీసిన రంగులు. వీళ్ళెవరూ "ప్రకృతే మా గురువు" అని మైకు పట్టుకుని చెప్పరు. చెట్టు పేరు, దాని వయసు, నరకాల్సిన కాలం చెబుతారు.

ఆ మాటకొస్తే మన ముగ్గు మాత్రం? బియ్యప్పిండితో వేసినన్నాళ్ళూ ఆ కళ సాయంత్రానికి చీమలకి భోజనం అయ్యేది. ఇప్పుడు రాతిపిండి, దాని మీద సంక్రాంతికి డబ్బాల్లో కొన్న రంగులు. ముగ్గు మధ్యలో నెమలి బొమ్మ ఎంత చక్కగా ఉంటేనేం, పొరపాటున నిజం నెమలొచ్చి ముక్కు పెడితే దాని గతేమిటి?

ఇక ఏటా జూన్ 5న జరిగే తతంగం చెప్పనే అక్కర్లేదు. పర్యావరణ దినోత్సవమట! 'వృక్షో రక్షతి రక్షితః' అని ప్లాస్టిక్ ఫ్లెక్సీ మీద చెట్టు బొమ్మ వేయించి, దాన్ని నిజమైన చెట్టుకి మేకులు కొట్టి కడతారు. పిల్లలకి చిత్రలేఖనం పోటీ పెడతారు. భూగోళానికి కళ్ళూ ముక్కూ పెట్టి, నోట్లో థర్మామీటరు పెట్టి, బుగ్గల మీద కన్నీళ్ళు కార్పించిన బొమ్మకి మొదటి బహుమతి. ఇది సీనరీకి సవతి చెల్లెలు. అక్కడ కొండలు, ఇక్కడ కన్నీళ్ళు. ఆ పిల్లకి తన వీధిలో ఏ చెట్టు కొట్టేశారో, తన ఊరి చెరువు ఎంత మిగిలిందో గీయమని ఎవరూ చెప్పరు. చెబితే బహుమతి ఇవ్వడానికి వచ్చిన పెద్దమనిషికి ఇబ్బంది కాబోలు!

"అంకెలతో, డిగ్రీలతో నిండిన సంగతిని బొమ్మగా ఎలా వేస్తామండీ?" అంటారా? ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయంలో ఎడ్ హాకిన్స్ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు 2018లో ఒక బొమ్మ వేశాడు. అందులో మనిషి లేడు, చెట్టు లేదు, అంకె అసలే లేదు. ఏడాదికొక నిలువు చార. చల్లటి ఏడాదికి నీలం, వేడి ఏడాదికి ఎరుపు. ఎడమ నుంచి నీలాలు మొదలై, కుడి వైపుకి వచ్చేసరికి ఎర్రెర్రగా మండుతుంటాయి. అంతే! చదువు రానివాడికి కూడా చూడగానే ఒళ్ళు జలదరిస్తుంది. ఆడవాళ్ళు ఆ చారల్ని ఊలుతో మఫ్లర్లుగా అల్లుకున్నారు. అల్లికసూదులు మన ఇళ్ళల్లో లేవా? నేతలో చారల చీరలు మన దేశానికి కొత్తా? ఆ చీర అంచు మీద మన ఊరి ఎండల చరిత్ర ఉంటే కట్టుకోమా?

అయితే కళాకారులందరూ ప్రయోగశాలల్లో కూర్చోవాలని నేననడం లేదు. ఊహ ఉండాలి, ఉప్పూ కారం ఉండాలి. కాని కూర వండేవాడికి అది వంకాయో బెండకాయో తెలియాలి గదా అంటున్నాను. చిత్రలేఖనం మేష్టారూ సైన్సు టీచరూ నెలకొక్కసారి పిల్లల్ని కలిసి చెట్టు కిందికి తీసుకెళితే ఆకాశం ఊడిపడదు. పోటీల్లో న్యాయనిర్ణేతలు "ఈ చెట్టు పేరేమిటమ్మా? ఎక్కడ చూశావు?" అని ఒక్క ప్రశ్న వేసి, జవాబు చెప్పినవాళ్ళకే మార్కులు వేస్తే, ఏడాది తిరక్కుండా సమోసా కొండలు కనపడవు. పత్రికల వాళ్ళు కథలకి బొమ్మలు వేయించేటప్పుడు "ఏ ఊరు, ఏ నెల" అని అడిగితే చాలు.

కళాకారుడు నిజం రాసిపెడితే అది ఎంత పనికొస్తుందో ఒక్క ఉదాహరణ చెప్పి ముగిస్తాను. జపానులో క్యోటో నగరంలో చెర్రీపూలు పూసినప్పుడు వేడుకలు చేసుకుంటారు. ఆస్థానాల వాళ్ళూ, సన్యాసులూ, కవులూ ఆ వేడుకల గురించి డైరీల్లోనూ పద్యాల్లోనూ రాసుకున్నారు. శాస్త్రజ్ఞులు వాటిల్లోంచి 812వ సంవత్సరం నుంచీ దొరికినంత వరకూ ఏ ఏడు ఏ రోజున చెట్లు నిండుగా పూశాయో ఏరి పట్టిక వేశారు. 2021లో మార్చి 26నే పూలు నిండాయి. పన్నెండు వందల ఏళ్ళ లెక్కలో అప్పటికి అంత ముందుగా ఎన్నడూ పూయలేదట. భూమి వేడెక్కుతోందనడానికి సాక్ష్యం కవుల డైరీల్లో దొరికింది! పూలు చూసి ఆనందించి, 'ఆహా' అని ఊరుకోకుండా ఏ రోజో కూడా రాసినందుకు.

మన కవులు మామిడిపూత మీద, వేపపువ్వు మీద రాసినదంతా పోగేస్తే బండ్లకెత్తొచ్చు. తారీకు ఒక్కటి దొరికితే ఒట్టు! ఉగాది ముందు పచ్చడి కోసం వేపపువ్వు వెతుక్కుంటూ వీధులు తిరిగేది మనమే గదా? ఏటేటా తింటున్నాం, దాని రేకులెన్నో చెప్పండి చూద్దాం. అయిదు. ఒక నోటుపుస్తకం కొనండి. మీ వీధిలో వేపచెట్టు మొదటి పువ్వు పూసిననాడు ఆ రెమ్మని ఎదురుగా పెట్టుకుని, ఉన్నదున్నట్టు గీయండి. చేతకాకపోతే పిల్లలచేత గీయించండి. వంకరొచ్చినా ఫర్వాలేదు. వచ్చే ఏడూ అదే చెట్టుది గీయండి, ఆ పై ఏడూ గీయండి. పుస్తకం మూసేముందు కింద తారీకు వెయ్యడం మాత్రం మరిచిపోకండి.